కొనబోయే సెకండ్ హ్యాండ్ బైక్‌పై రీకాల్ పెండింగ్‌లో ఉందా? ఇలా చూసుకోండి

సెకండ్ హ్యాండ్ బైక్ చూడడానికి వెళ్తే టైర్లు చూస్తాం, స్టార్ట్ చేసి పొగ చూస్తాం, చలాన్లు ఎన్ని ఉన్నాయో అక్కడే ఫోన్‌లో చూసేస్తాం. రీకాల్ సంగతి మాత్రం చాలామందికి గుర్తే రాదు. తయారీలో దొర్లిన లోపం వల్ల ప్రమాదం జరగొచ్చని తేలినప్పుడు, బండి తీసుకురండి, ఉచితంగా సరిచేస్తామని కంపెనీ పిలవడమే రీకాల్. చిక్కేమిటంటే ఆ పిలుపు కంపెనీ రికార్డుల్లో ఉన్న ఫోన్ నంబరుకు వెళ్తుంది. అంటే చాలాసార్లు మొదటి ఓనర్‌కి. ఆయన పట్టించుకోకుండా బండి అమ్మేస్తే లోపం మీ ఇంటికి వస్తుంది, మెసేజ్ మాత్రం ఆయన ఫోన్‌లోనే ఉండిపోతుంది.

ముందు ఛాసిస్ నంబర్ సంపాదించండి

రీకాల్ లెక్కంతా ఛాసిస్ నంబర్ మీదే నడుస్తుంది. రిజిస్ట్రేషన్ నంబర్ చెబితే సరిపోదు. కేంద్ర ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో వెతికితే ఛాసిస్ నంబర్‌లో కొన్ని అంకెలు దాచి చూపిస్తారు కాబట్టి, అసలు ఆర్సీ గానీ, అమ్మే వ్యక్తి డిజీలాకర్‌లో ఉన్న ఆర్సీ గానీ అడగండి.

ఆర్సీ చూసి ఊరుకోవద్దు. చాలా బైకుల్లో ఈ నంబరు హ్యాండిల్ కింద, ఫ్రేమ్ ముందు భాగంలో ఉండే గొట్టం మీద గుద్ది ఉంటుంది. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి, కుడివైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. మట్టి, గ్రీజు పట్టి ఉంటే గుడ్డతో గట్టిగా తుడవాలి. మొత్తం 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఇంగ్లీష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ ఈ నంబరులో వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నా, నిలువు గీత ఒకటి. బీ, ఎనిమిది దగ్గర, ఎస్, ఐదు దగ్గర తడబడతాం. ఫొటో తీసి పెద్దది చేసి చూసుకోండి. ఆర్సీలో ఉన్నదానికీ బండి మీద ఉన్నదానికీ ఒక్క అంకె తేడా ఉన్నా, నంబరు చెరిపి మళ్లీ గుద్దినట్టు అనిపించినా, రీకాల్ సంగతి తర్వాత, బేరమే ఆపేయండి.

ఏ నెలలో తయారైందో చూడండి

రీకాల్ ప్రకటనలో మోడల్ పేరుతో పాటు తయారీ తేదీలు కూడా ఉంటాయి. 2021 డిసెంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ 26,300 క్లాసిక్ 350 బైకులను వెనక్కి పిలిచింది. బ్రేక్ చాలా గట్టిగా వేసినప్పుడు వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్ మీద ఉండే ఒక బ్రాకెట్ దెబ్బతినే అవకాశం ఉందన్నది కారణం. అయితే అది 2021 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 5 మధ్య తయారైన, సింగిల్ చానల్ ఏబీఎస్ (బ్రేక్ వేస్తే ముందు చక్రం పట్టేయకుండా చూసేది), వెనక డ్రమ్ బ్రేక్ ఉన్న బళ్లకే. దాని పక్కనే నిలబెట్టిన, వెనక డిస్క్ ఉన్న క్లాసిక్ 350కి దీంతో సంబంధం లేదు. చూడ్డానికి రెండూ ఒకటే బండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. రిజిస్ట్రేషన్ తేదీ వేరు, తయారీ నెల వేరు. నవంబరులో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి షోరూమ్‌లో నిలబడి ఫిబ్రవరిలో రిజిస్టర్ అయి ఉండొచ్చు. ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం విడిగా రాసి ఉంటాయి. అదే చూడాలి.

ఆన్‌లైన్‌లో వెతకండి

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇది తేలిక. అక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో 17 అంకెల నంబర్ కొడితే ఇంకా రిపేర్ చేయించని రీకాల్స్ కనిపిస్తాయి. మన దగ్గర ఎక్కువగా కంపెనీ వారీగానే వెతుక్కోవాలి. వాహన తయారీదారుల సంఘం సియామ్ తన సైట్‌లో సభ్య కంపెనీలు స్వచ్ఛందంగా చేసిన రీకాల్స్ జాబితా పెడుతుంది. మీరు కొనబోయే మోడల్ అందులో ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. తర్వాత ఆ కంపెనీ సైట్‌కి వెళ్లి సర్వీస్ విభాగంలో చూడండి. కొన్ని కంపెనీలు ఛాసిస్ నంబర్ కొట్టి చూసుకునే వీలు ఇస్తున్నాయి. స్కూటర్లను కూడా వదలొద్దు. 2024 ఫిబ్రవరిలో యమహా బ్రేక్ లీవర్ సమస్యతో రేజెడ్ఆర్ 125, ఫసినో 125 హైబ్రిడ్ స్కూటర్లను సుమారు 3 లక్షలు పిలిచింది. అదే ఏడాది సుజుకీ ఇగ్నిషన్ కాయిల్ కేబుల్ కోసం యాక్సెస్, అవెనిస్, బర్గ్‌మన్ కలిపి 3.88 లక్షలు పిలిచింది. ఆ బళ్లు ఇప్పుడు ఆటో కన్సల్టెన్సీల ముందు వరసగా నిలబడే వయసులో ఉన్నాయి.

సైట్‌లో "మీ వాహనానికి వర్తించదు" అని వస్తే వెంటనే నిశ్చింతగా ఉండొద్దు. నంబరు తప్పు కొట్టి ఉండొచ్చు, పాత రీకాల్ ఆ పేజీలో లేకపోయి ఉండొచ్చు.

సర్వీస్ సెంటర్‌ని అడగండి

ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇదొక్కటే చేయండి. కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, ఆర్సీ, ఛాసిస్ నంబర్ ఫొటో చూపించి, "అన్నా, ఈ బండి మీద క్యాంపెయిన్ ఏదైనా పెండింగ్‌లో ఉందా? పాత సర్వీస్ హిస్టరీ కూడా ఒకసారి చూడవా?" అని అడగండి. అక్కడ రీకాల్ అనే మాటకంటే సర్వీస్ క్యాంపెయిన్ అనే మాట త్వరగా పని చేస్తుంది. ఆ బండికి రీకాల్ పని పూర్తయిందా లేదా అన్నది ఎక్కువగా వాళ్ల కంప్యూటర్‌లోనే తేలుతుంది. అమ్మేవాడు "ఎప్పుడో చేయించేశా బ్రదర్" అంటే, చేసిన పని వివరాలతో సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ కార్డ్ చూపించమనండి.

పెండింగ్ ఉందని తేలితే

కొనడం మానేయాల్సిన పని లేదు. కానీ డబ్బులు ఇవ్వకముందే అమ్మే వ్యక్తితోనే ఆ పని చేయించండి. వారంటీ అయిపోయినా, మీరు రెండో ఓనర్ అయినా పార్టుకు, లేబర్‌కు డబ్బు తీసుకోకూడదు. పార్టు స్టాక్ లేదంటే పేరు రాయించుకుని, ఎప్పుడొస్తుందో అడగండి. బ్రేక్, పెట్రోల్ లీక్ లాంటి లోపమైతే అప్పటిదాకా బండి తీయకండి. పనయ్యాక జాబ్ కార్డ్‌లో క్యాంపెయిన్ వివరం రాయించుకోండి. కంపెనీ రికార్డులో మీ పేరు, ఫోన్ నంబర్ మార్పించుకోవడం కూడా అప్పుడే చేసేయండి. రేపు మరో రీకాల్ వస్తే మెసేజ్ మీకే రావాలి కదా.

సర్వీస్ సెంటర్ డబ్బులు అడిగినా, పని చేయనన్నా ఛాసిస్ నంబర్‌తో కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పెట్టండి. అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఇంతవరకు రీకాల్ రాని లోపం మీ బండిలో కనిపిస్తే దారి వేరు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, తయారై 7 ఏళ్లు దాటని బళ్ల లోపాల మీద ఓనర్లు కేంద్ర ప్రభుత్వ వాహన రీకాల్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అలాంటి ఫిర్యాదులు తగినన్ని వస్తే విచారించి, రీకాల్ చేయమని కంపెనీని ప్రభుత్వం ఆదేశించగలదు.