వేకువ దేవత కథ పిల్లలకు ఎలా చెప్పాలంటే

గ్రీకు దేవతలు మనుషుల్ని ప్రేమించిన కథలు చెప్పాలనుకుంటే, దేవతతో మొదలుపెట్టకండి. మనిషితో మొదలుపెట్టండి. నేను నాలుగేళ్లుగా ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద వీధి పిల్లలకు కథలు చెబుతున్నాను. తొమ్మిదేళ్ల వాళ్ల దగ్గర్నుంచి పదో తరగతి వాళ్ల దాకా వస్తారు. మొదట్లో దేవతల రాజు జ్యూస్ పిడుగు, ఆయన కొడుకు అపోలో వెండి విల్లు అంటూ అట్టహాసంగా ఎత్తుకునేదాన్ని. పిల్లలు నోరెళ్లబెట్టి వినేవాళ్లు. చివర్లో మనిషి చచ్చిపోతే మాత్రం ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. ఆ మనిషెవరో వాళ్లకు ముందు తెలిస్తే కదా, పోయినందుకు బాధపడడానికి!

ఒక సాయంత్రానికి ఒక్క కథే పెట్టుకోండి. మొదటిది టిథోనస్ కథ అయితే మంచిది. ట్రాయ్ నగరపు రాజకుమారుడు, ట్రాయ్ యుద్ధం నాటి రాజు ప్రయామ్‌కి తోడబుట్టినవాడు, చూడచక్కని కుర్రాడు. ఇక్కడే అతని నల్లటి జుట్టు గురించి ఒక మాట అనేసి ఊరుకోండి. చివరికి మళ్లీ ఆ జుట్టు దగ్గరికే రావాలి. తర్వాత ఈయోస్‌ని తీసుకురండి. ఆమె వేకువ దేవత, లోకంలో అందరికంటే ముందు లేచేది. ప్రాచీన గ్రీకు కవి హోమర్ ఆమెకు గులాబీ రంగు వేళ్లు ఉన్నాయంటాడు. ఎండాకాలం మేడ మీద పడుకుని తెల్లారగట్ల తూర్పు వైపు చూసిన పిల్లలకు ఆ వేళ్లు ఎలా ఉంటాయో మీరు వర్ణించక్కర్లేదు.

ఒక్కటి మాత్రం దాచకండి. ఈయోస్ అతన్ని అడిగి తీసుకెళ్లలేదు. ఎత్తుకుపోయింది, భూమి అంచున ఓషియానస్ నది ఒడ్డుకి. తర్వాత ఇద్దరూ కలిసి సుఖంగానే ఉన్నారు, నిజమే. అయినా ‘ప్రేమించి పెళ్లి చేసుకుంది’ అని తేల్చేస్తే పెద్ద పిల్లలు ఇట్టే పట్టేస్తారు. అపోలో, డాఫ్నీల కథను నేను ప్రేమకథల్లో కలపకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ అమ్మాయి మొదటి నుంచి చివరిదాకా పారిపోతూనే ఉంది. దాన్ని వేరే రోజు, వేరేలా చెప్పాలి.

ఇక వరం ఘట్టం. ఇక్కడ తొందరపడకండి. ఈయోస్ జ్యూస్ దగ్గరికి వెళ్లి టిథోనస్‌కి చావు లేకుండా చెయ్యమంది. ఆయన సరేనని తలూపాడు. యవ్వనం కూడా అడగాలని ఆమెకు తట్టలేదు. ఈ మాట అనగానే మన పిల్లలు హిరణ్యకశిపుడి పేరెత్తుతారు. ఎత్తనివ్వండి, తేడా వాళ్లతోనే చెప్పించండి. హిరణ్యకశిపుడు తన కోసం, అన్నీ లెక్క చూసుకుని వరం కోరాడు. ఇక్కడ ఇంకొకరి కోసం ప్రేమతో కోరింది. మోసం చేసినవాళ్లెవరూ లేరు. ముసలితనం ఎలా ఉంటుందో ఈయోస్ ఎరగదు. తనకు ఎన్నడూ రానిదాన్ని గుర్తుపెట్టుకుని ఎలా అడుగుతుంది? ఈ కథలన్నిటికీ ప్రాణం ఇక్కడే ఉందని నేను నమ్ముతాను. దేవతలకు మనమీద ప్రేమ లేక కాదు, మన ఒంట్లో కాలం ఎలా నడుస్తుందో వాళ్లకు తెలియక ఇంత దుఃఖం.

ఈయోస్‌ని ఉషాదేవి అనో, జ్యూస్‌ని ఇంద్రుడనో మార్చి చెప్పకండి. ఉషస్సు, ఈయోస్ అనే రెండు పేర్లూ ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చాయి, పెద్ద పిల్లలకు ఆ చుట్టరికం చెబితే సంబరపడతారు. కానీ ఎవరి కథ వాళ్లదే.

తర్వాతి భాగానికి హోమర్ పేరు మీద ఉన్న, ప్రేమదేవత అఫ్రొడైటీ స్తోత్రాన్ని పట్టుకోండి. అందులో వరస చాలా నెమ్మదిగా దిగుతుంది. టిథోనస్ తలలో, గడ్డంలో మొదటి తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి. ఈయోస్ అతని పక్క మీదకు రావడం మానేసింది. అయినా ఇంట్లోనే ఉంచుకుని అన్నం పెట్టింది, దేవతలు తినే అంబ్రోసియా పెట్టింది, మంచి బట్టలు ఇచ్చింది. చివరికి అతను కాలూ చెయ్యీ కదపలేని స్థితికి వచ్చాక ఒక గదిలో పడుకోబెట్టి, మెరిసే తలుపులు మూసేసింది. లోపల్నుంచి గొంతు ఒక్కటే ఆగకుండా వినబడుతూ ఉంటుంది.

మొదటిసారి ఈ కథ వాన వల్ల మా హాల్లో చెప్పాల్సి వచ్చింది. పక్కగదిలో మా నాన్నమ్మ. అప్పటికి ఆరు నెలలుగా మంచం దిగలేదు. పగలూ రాత్రీ చెల్లెళ్ల పేర్లు పిలుస్తూనో, పాలవాడి లెక్క చెబుతూనో ఉండేది. నేను ఆ గొంతు దగ్గరికి వచ్చేసరికి పక్కగదిలో మాటలు ఆగిపోయాయి. టెన్షన్‌తో నాకు నోరు పెగల్లేదు. అంతలో ఆవిడే అడిగింది, “ఆ తలుపెందుకు వేసిందే?”

నా దగ్గర జవాబు లేదు. లేచి వెళ్లి ఆ గది తలుపు బార్లా తీసి, మిగతా కథ గడప మీద కూర్చుని చెప్పాను. కాబట్టి మొదలుపెట్టే ముందు ఇంట్లో ఎవరెవరు వింటున్నారో చూసుకోండి. వాళ్లకు కూడా వినబడేలా కూర్చోండి.

ముగింపు మీ ఇష్టం. తర్వాతి కాలంలో టిథోనస్ కీచురాయిగా మారిపోయాడని చెప్పారు, చిన్నపిల్లలకు అది ఊరట. స్తోత్రంలో మాత్రం కీచురాయి లేదు, మూసిన తలుపులే ఉన్నాయి. పెద్ద పిల్లలుంటే సఫో కవిత గురించి చెప్పండి. లెస్బోస్ దీవికి చెందిన ఈ కవయిత్రి దాదాపు 2600 ఏళ్ల కిందటిది. ఈ కవిత చాలావరకు పూర్తిగా ఉన్న పపైరస్ (పాతకాలపు రెల్లు కాగితం) పాఠం 2004లో అచ్చయింది. జుట్టు నెరిసిందనీ, ఒకప్పుడు జింకపిల్లల్లా ఆడిన మోకాళ్లు ఇప్పుడు మొయ్యడం లేదనీ ఆమె అంటుంది. ఆ వెంటనే టిథోనస్‌ని తలుచుకుంటుంది. భార్య అమరురాలైనా అతన్ని ముసలితనం వదల్లేదు కదా అని.

వీళ్ల కొడుకు మెమ్నన్ ట్రాయ్ యుద్ధంలో గ్రీకు వీరుడు అకిలీజ్ చేతిలో చనిపోయాడు. కొడుకు కోసం ఈయోస్ ఇంకా ఏడుస్తూనే ఉందని, పొద్దున్నే పడే మంచు ఆ కన్నీళ్లేనని రోమన్ కవి ఓవిడ్ రాశాడు. ఇది వివరించకుండా వదిలేయండి. మర్నాడు గడ్డి మీద వాళ్లే చూసుకుంటారు.

రెండో ఆదివారానికి హయసింథస్, అపోలో ప్రేమించిన కుర్రాడు. చిన్న కథ. అపోలో ఆటలో విసిరిన డిస్కస్‌ని, అంటే బరువైన బిళ్లని, అందుకోబోతే అది నేలకు తగిలి ఎగిరి అతని ముఖానికి కొట్టింది. వైద్యానికి దేవుడైనవాడు మూలికలన్నీ వాడినా ఆ కుర్రాణ్ణి బతికించుకోలేకపోయాడు. స్పార్టా పక్కన అమిక్లేలో అపోలో విగ్రహం పీఠంలోనే హయసింథస్ సమాధి ఉండేదని చెప్పి ఆపండి.

మూడోది సెమెలే. దీనికి ముందే పాతాళంలోని స్టిక్స్ నది మీద దేవతలు వేసే ఒట్టు సంగతి చెప్పాలి, లేకపోతే ‘జ్యూస్ కుదరదని అనొచ్చుగా’ అని మధ్యలో ఆపేస్తారు. ఆ ఒట్టు తప్పిన దేవుడు ఏడాదిపాటు ఊపిరి లేకుండా పడి ఉంటాడు, ఆ తర్వాత తొమ్మిదేళ్లు దేవతల సభకూ విందుకూ దూరం. ఇది ప్రాచీన గ్రీకు కవి హీసియడ్ చెప్పిన లెక్క. అప్పుడు థీబ్స్ రాజకుమారి సెమెలేని తీసుకురండి. జ్యూస్ ప్రేమించిన అమ్మాయి, కడుపుతో ఉంది. ముసలి దాది వేషంలో వచ్చిన జ్యూస్ భార్య హేరా, వచ్చేది నిజంగా జ్యూసేనా అని ఆమె మనసులో అనుమానం నాటింది. ఏం కోరినా ఇస్తానని జ్యూస్ ఒట్టేశాక, నీ అసలు రూపంతో రమ్మని ఆమె అడిగింది.

ఆ రూపాన్ని చూస్తే మనిషన్నవాళ్లు కాలిపోతారు. జ్యూస్ ఆమె నోరు మూయబోయాడు, అప్పటికే మాట బయటికి వచ్చేసింది. ఆకాశానికి వెళ్లి, ఉన్న పిడుగుల్లో తేలికైనది, వేడి తక్కువ ఉన్నది ఏరి తెచ్చుకున్నాడు. ఈ ఏరుకోవడం దగ్గర కాసేపు ఆగండి. మా మేడ మీద ఒక చిన్నపిల్ల ఇక్కడే నా చెయ్యి పట్టుకుని, “అంతకంటే చిన్నది లేదా అత్తా?” అంది.

లేదని చెప్పాను.