ప్రాక్స్‌మాక్స్ అప్‌గ్రేడ్ అయ్యాక వీఎంకు డిస్కు దొరకడం లేదా?

ప్రాక్స్‌మాక్స్ అంటే ఒకే మిషన్ మీద చాలా వీఎంలను (వర్చువల్ మిషన్లను) నడిపే సిస్టం, ఆ మిషనే హోస్ట్. హోస్ట్ కొత్త వెర్షన్‌కి మారింది, రీబూట్ కూడా అయింది. తీరా చూస్తే నాస్ వీఎం (ఫైళ్లు దాచుకునే వీఎం) లేవడం లేదు. లేచినా లోపల పూల్, అంటే డిస్కులను కలిపి చేసిన నిల్వ, కనిపించదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని డిస్కు తీసేసి మళ్లీ కలపడం, లేదంటే హోస్ట్‌లోనే పూల్‌ను ఇంపోర్ట్ చేసి చూడడం. రెండోది డేటాకే ముప్పు. ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ డిస్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, హోస్ట్ చేతిలోనా వీఎం చేతిలోనా?

ఇక్కడ కమాండ్లను పలికే తీరులో రాశాం. టెర్మినల్లో మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. 101 అన్నచోట మీ వీఎం నంబరు పెట్టుకోండి.

అన్నిటికన్నా ముందు వీఎం తనంతట తాను లేవకుండా ఆపండి:

క్యూఎం సెట్ 101 --ఆన్‌బూట్ 0

ఈ పని అప్‌గ్రేడ్‌కు ముందే చేసి ఉంటే ఇంకా మంచిది. దీని విలువ కింద పీసీఐ అడ్రసు దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

మీది ఏ రకం పాస్‌త్రూ?

పాస్‌త్రూ అంటే హోస్ట్‌లోని పరికరాన్ని నేరుగా వీఎంకు ఇవ్వడం. క్యూఎం కాన్ఫిగ్ 101 కొట్టి చూడండి. స్కజీ1 లాంటి వరుసలో /డెవ్ తో మొదలయ్యే దారి ఉంటే మీరు ఒక్క డిస్కును ఇచ్చారు. నిజానికి అది పూర్తి పాస్‌త్రూ కాదు. హోస్ట్ కెర్నల్ (సిస్టం మూలభాగం) డిస్కును నడుపుతుంది, వీఎంను నడిపే ప్రోగ్రాం క్యూఈఎంయూ దాన్ని తెరిచి వీఎంకు ఒక వర్చువల్ డిస్కుగా చూపిస్తుంది. అందుకే డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలు వీఎం లోపల కనిపించవు. అవి హోస్ట్‌లోనే చూసుకోవాలి. హోస్ట్‌పీసీఐ0 అనే వరుస ఉంటే మీరు కంట్రోలర్‌నే మొత్తంగా ఇచ్చారు. అప్పుడు డిస్కులు హోస్ట్‌కి అసలు కనిపించకూడదు. రెండింటి జబ్బులూ వేరు, మందులూ వేరు.

ఒక్క డిస్కు ఇచ్చినవాళ్లకు

కాన్ఫిగ్‌లో /డెవ్/ఎస్‌డీబీ అని ఉందా? దొంగ దొరికినట్టే. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి డిస్కు పేర్లు కావు, బూట్ సమయంలో వరుసగా పంచే టోకెన్లు. కెర్నల్ మారితే డ్రైవర్లు లోడయ్యే వరుస మారుతుంది, దాంతో టోకెన్లూ మారతాయి. ఇక్కడ వీఎం లేవకపోవడం అదృష్టమే. అసలు ప్రమాదం అది లేచినప్పుడే: నిన్నటి ఎస్‌డీబీ స్థానంలోకి ఇవాళ హోస్ట్ బ్యాకప్ డిస్కు వచ్చి ఉంటే, వీఎం దాన్ని తనదే అనుకుని రాయడం మొదలుపెడుతుంది.

మారని పేరు ఇలా దొరుకుతుంది:

ఎల్‌ఎస్ -ఎల్ /డెవ్/డిస్క్/బై-ఐడీ

సాటా డిస్కు పేరు ఏటీఏ తో మొదలై మోడల్, సీరియల్ నంబర్లతో ఉంటుంది. అదే డిస్కు డబ్ల్యూడబ్ల్యూఎన్ తో మరో పేరుగా కూడా కనిపిస్తుంది. ఏదైనా సరే, కానీ సీరియల్ ఉన్న పేరు పెట్టుకుంటే డిస్కు మీది స్టిక్కర్‌తో పోల్చుకోవచ్చు. చివర పార్ట్1 అని ఉన్నది పార్టిషన్, మొత్తం డిస్కు కాదు. పొరపాటున దాన్ని ఇస్తే వీఎంకు పార్టిషన్ టేబుల్ లేని డిస్కు కనిపిస్తుంది. ఎన్నుకున్నాక:

క్యూఎం సెట్ 101 --స్కజీ1 /డెవ్/డిస్క్/బై-ఐడీ/మీ-డిస్కు-పేరు,సీరియల్=మీ-సీరియల్,బ్యాకప్=0

సీరియల్ మనమే ఇవ్వాలి, ఇవ్వకపోతే అసలు డిస్కు సీరియల్ లోపలికి వెళ్లదు. ట్రూనాస్ లాంటి నాస్ సిస్టంలు డిస్కులను సీరియల్‌తోనే గుర్తుపడతాయి. బ్యాకప్=0 లేకపోతే రాత్రి బ్యాకప్ ఆ డిస్కు మొత్తాన్ని కూడా మోయడానికి కూర్చుంటుంది.

బై-ఐడీలో పేరే లేదంటే ప్రాక్స్‌మాక్స్‌ను తిట్టి లాభం లేదు. కెర్నల్ మెసేజ్‌లు చూపే డీమెస్గ్ కమాండ్ కొట్టి చూడండి, కేబుల్, పవర్ చూడండి. యూఎస్‌బీ పెట్టెలో ఉన్న డిస్కును తీసి నేరుగా సాటాకు తగిలిస్తే పేరు మారిపోతుంది. కొన్ని పెట్టెలు సెక్టార్ సైజు కూడా 512 నుంచి 4096కు మార్చి చూపిస్తాయి. అప్పుడు పార్టిషన్లు మాయమైనట్టు అనిపిస్తుంది. ఫార్మాట్ చేయమని అడిగితే చేయకండి, పాత పెట్టెలోనే పెట్టి చూడండి.

పేరు సరిగానే ఉన్నా డిస్కు బిజీ అంటుందా? అంటే హోస్ట్ పట్టుకుని కూర్చుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొడితే డిస్కు మీద ఏముందో, మౌంట్ అయిందో తెలుస్తుంది. పట్టుకునేవి సాధారణంగా మూడు.

మొదటిది జెడ్‌ఎఫ్‌ఎస్, పూల్‌ను నడిపే ఫైల్‌సిస్టం. హోస్ట్‌లో జెడ్‌పూల్ లిస్ట్ కొడితే వీఎంకు చెందిన పూల్ కనిపిస్తోందంటే, వీఎం ఆగి ఉందని ఖాయం చేసుకుని హోస్ట్‌లో జెడ్‌పూల్ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒకే పూల్‌ను రెండు కెర్నళ్లు ఒకేసారి తెరిస్తే అది చెడిపోతుంది, బాగుచేసే దారి దాదాపు ఉండదు. ఈ పూల్‌ను వేరే సిస్టం వాడింది అని జెడ్‌ఎఫ్‌ఎస్ హెచ్చరించినప్పుడు హోస్ట్‌లో -ఎఫ్ కొట్టకండి. ఆ హెచ్చరిక మీ మంచికే. జెడ్‌ఎఫ్‌ఎస్-ఇంపోర్ట్-స్కాన్ సర్వీసు ఎనేబుల్ అయి ఉంటే డిసేబుల్ చేయండి, అయితే హోస్ట్ సొంత పూళ్లు క్యాష్ ఫైల్లో ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. హోస్ట్‌లో పొరపాటున కూడా జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ వద్దు. హోస్ట్‌లోని కొత్త జెడ్‌ఎఫ్‌ఎస్ ఫీచర్లు పూల్‌లో ఆన్ అయితే, వీఎంలోని పాత జెడ్‌ఎఫ్‌ఎస్ ఆ పూల్‌ను తెరవలేకపోవచ్చు. వెనక్కి వచ్చే వీలు లేదు.

రెండోది ఎల్‌వీఎం, డిస్కులను వాల్యూంలుగా పంచే పద్ధతి. వీఎం లోపలి వాల్యూం గ్రూపు హోస్ట్‌లో వీజీఎస్ కొడితే కనిపిస్తుంది. వీజీచేంజ్ -ఏఎన్ తో దాన్ని దించండి. తర్వాత /ఈటీసీ/ఎల్‌వీఎం/ఎల్‌వీఎం.కాన్ఫ్‌లోని గ్లోబల్ ఫిల్టర్‌లో ఆ డిస్కును తిరస్కరించే నియమం చేర్చండి. ప్రాక్స్‌మాక్స్ అక్కడ ఇప్పటికే ఒక వరుస పెట్టి ఉంటుంది. మరో వరుస రాయకుండా అందులోనే కలపండి. అప్‌గ్రేడ్ మధ్యలో ఈ ఫైలు మార్చాలా అని అడిగినప్పుడు ప్యాకేజీ వెర్షన్‌కు సరే అని ఉంటే, మీరు గతంలో రాసిన ఫిల్టర్ పోయినట్టే.

మూడోది సాఫ్ట్‌వేర్ రెయిడ్. హోస్ట్‌లో ఎండీ127 అని కనిపిస్తే ఎండీఆడ్మ్ --స్టాప్‌తో ఆపండి.

కంట్రోలర్ మొత్తం ఇచ్చినవాళ్లకు

బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరికే పాత ఎల్‌ఎస్‌ఐ డిస్క్ కంట్రోలర్ కార్డులతో నడిచే ఇంటి సర్వర్లకు ఈ భాగం. మొదట కార్డును వెతకండి:

ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే

ఎస్‌ఏఎస్2308 చిప్ ఐడీ 1000:0087, ఎస్‌ఏఎస్2008 అయితే 1000:0072. ముందు పీసీఐ అడ్రసు, అంటే మిషన్‌లో కార్డు ఉన్న చోటు చూడండి. కాన్ఫిగ్‌లో 01:00.0 అని ఉండి కార్డు ఇప్పుడు 02:00.0లో ఉంటే, వీఎం స్టార్ట్ చేయగానే 01:00.0లో ఏది ఉంటే అది వీఎంకు పోతుంది. అది నెట్‌వర్క్ కార్డు అయితే హోస్ట్ నెట్ నుంచి మాయమవుతుంది, వెబ్ పేజీ తెరుచుకోదు. ఆన్‌బూట్ 0 పెట్టమన్నది ఇందుకే. కొత్త ఎన్‌వీఎంఈ తగిలించినా, బయోస్ అప్‌డేట్ చేసినా ఈ అడ్రసులు జరుగుతాయి. వెర్షన్ 8 నుంచి డేటాసెంటర్ కింద రిసోర్స్ మ్యాపింగ్ ఉంది. అడ్రసుతో పాటు పరికరం ఐడీ కూడా సరిపోతేనే అది వీఎంను లేవనిస్తుంది. కాన్ఫిగ్‌లో నేరుగా అడ్రసు రాసే అలవాటు మానుకోండి.

అడ్రసు సరే అయితే అదే ఎల్‌ఎస్‌పీసీఐ ఫలితంలో డ్రైవర్ పేరున్న వరుస చూడండి. వీఎం ఆగి ఉన్నప్పుడు వీఎఫ్‌ఐఓ-పీసీఐ (కార్డును వీఎం కోసం పక్కన పెట్టే డ్రైవర్) అని ఉంటే మంచిది. హోస్ట్ వాడే డ్రైవర్ ఎంపీటీ3ఎస్‌ఏఎస్ అని ఉంటే బూట్‌లో హోస్టే కార్డును ముందు పట్టేసింది. వీఎం స్టార్ట్ చేసేటప్పుడు ప్రాక్స్‌మాక్స్ దాన్ని విడిపించగలదు, కానీ ఆలోపే హోస్ట్ ఆ డిస్కులన్నీ చదివేసి ఉంటుంది. పై మూడు చిక్కులూ మళ్లీ మొదలు. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ కింద ఒక .కాన్ఫ్ ఫైల్లో ఈ రెండు వరుసలు పెట్టండి, ఐడీ మాత్రం మీ కార్డుది:

ఆప్షన్స్ వీఎఫ్‌ఐఓ-పీసీఐ ఐడీస్=1000:0087
సాఫ్ట్‌డెప్ ఎంపీటీ3ఎస్‌ఏఎస్ ప్రీ: వీఎఫ్‌ఐఓ-పీసీఐ

తర్వాత అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్, ఆపైన రీబూట్. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే ఫైళ్ల మూట) మరిచిపోతే ఫైల్లో ఎంత సరిగ్గా రాసినా దండగే. ఒకే ఐడీ గల రెండు కార్డులుండి హోస్ట్ బూట్ డిస్కు రెండోదాని మీద ఉంటే ఈ పద్ధతి వద్దు, హోస్టే లేవదు.

ఐఓఎంఎంయూ (పరికరాన్ని వీఎంకు విడిగా ఇవ్వడానికి కావాల్సిన హార్డ్‌వేర్ సదుపాయం) ఆన్ కాలేదన్న ఎర్రర్ వస్తే బయోస్‌లో వీటీ-డీ చూడండి, బయోస్ అప్‌డేట్ దాన్ని ఆఫ్ చేసి ఉండొచ్చు. ప్రాక్స్‌మాక్స్ 6.8 కెర్నల్ నుంచి ఇంటెల్ ఐఓఎంఎంయూ డిఫాల్ట్‌గానే ఆన్. అంతకన్నా పాతదైతే ఇంటెల్_ఐఓఎంఎంయూ=ఆన్ అని మనమే రాయాలి. రాసే చోటు దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. యూఈఎఫ్‌ఐలో జెడ్‌ఎఫ్‌ఎస్ రూట్ ఉన్న మిషన్లు సాధారణంగా సిస్టండీ-బూట్ అనే బూట్ ప్రోగ్రాంతో లేస్తాయి. వాటిలో మరో బూట్ ప్రోగ్రాం గ్రబ్ ఫైలు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. /ఈటీసీ/కెర్నల్/సీఎండీలైన్‌లో, ఒకే వరుసలో రాసి, ప్రాక్స్‌మాక్స్-బూట్-టూల్ రిఫ్రెష్ కొట్టాలి. మీది ఏదో ప్రాక్స్‌మాక్స్-బూట్-టూల్ స్టేటస్ చెబుతుంది.

వీఎఫ్‌ఐఓ_విర్క్‌ఎఫ్‌డీ మాడ్యూల్ దొరకలేదన్న మెసేజ్‌ను పట్టించుకోనక్కర్లేదు. 6.2 కెర్నల్ నుంచి అది వీఎఫ్‌ఐఓలోనే కలిసిపోయింది. /ఈటీసీ/మాడ్యూల్స్ నుంచి ఆ వరుస తీసేయండి. వీఎం బూట్‌లో కార్డు సొంత ఆర్‌ఓఎం (రామ్, మెమరీ ర్యామ్ కాదు) స్క్రీన్ దగ్గర ఆగిపోతే హోస్ట్‌పీసీఐ0 వరుస చివర రామ్‌బార్=0 చేర్చండి.

ఏదీ కుదరకపోతే

పాత కెర్నల్‌తో లేపి చూడండి. ప్రాక్స్‌మాక్స్-బూట్-టూల్ కెర్నల్ లిస్ట్‌లో పేరు చూసి, కెర్నల్ పిన్‌తో దాన్ని బిగించండి. పాతదానితో అంతా నడిస్తే తప్పు మీ కాన్ఫిగ్‌లో కాదు, కొత్త కెర్నల్‌కూ మీ హార్డ్‌వేర్‌కూ మధ్య. తర్వాతి కెర్నల్ వచ్చినప్పుడు అన్‌పిన్ చేసి మళ్లీ చూడడం మరిచిపోవద్దు.

ఈ పనులకు మానిటర్, కీబోర్డు దగ్గర ఉండాలి. శుక్రవారం సాయంత్రం బెంగళూరు మడివాళలో ఊరి బస్సు ఎక్కే ముందు అప్‌గ్రేడ్ మొదలుపెట్టడం కన్నా సోమవారం దాకా ఆగడం మేలు. అంతా కుదిరాక హోస్ట్‌ను రెండుసార్లు రీబూట్ చేయండి. ప్రతిసారీ డ్రైవర్ వరుసా, జెడ్‌పూల్ లిస్టూ చూడండి. రెండుసార్లూ డిస్కు వీఎం చేతిలోనే ఉంటే ఆన్‌బూట్ 1 పెట్టండి.