ఒకే డీఓ అలర్ట్ మళ్లీ మళ్లీ వెళ్తోందా? కాఫ్కా కన్స్యూమర్‌లో ముందు చూడాల్సినవి

విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల్లో సెన్సర్లు పెట్టి, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు కాఫ్కా (మెసేజ్‌లు దాచి అందించే సాఫ్ట్‌వేర్) టాపిక్‌లోకి, అంటే ఒక రకం మెసేజ్‌లు చేరే చోటికి, పంపి, ఆక్సిజన్ పడిపోతే రైతుకు ఎస్సెమ్మెస్ కొట్టే చిన్న అప్లికేషన్ రాస్తున్నారనుకుందాం. చిక్కులన్నీ దాదాపు కన్స్యూమర్ దగ్గరే, అంటే టాపిక్ నుంచి మెసేజ్‌లు చదివి ఎస్సెమ్మెస్ పంపే ప్రోగ్రామ్ దగ్గరే.

సమస్య: ఒకే అలర్ట్ రెండు మూడుసార్లు వెళ్తోంది

ముందు దీని సంగతే చూడండి. తెల్లవారుజామున ఒకే ఎస్సెమ్మెస్ మూడుసార్లు మోగితే రైతు ఫోన్ సైలెంట్‌లో పడేస్తాడు.

కారణం: లాగ్‌లో రీబ్యాలెన్స్ (గ్రూప్‌లోని కన్స్యూమర్ల మధ్య పనిని మళ్లీ పంచడం) పదేపదే కనిపిస్తే లెక్క ఇదీ. పోల్ (కన్స్యూమర్ మెసేజ్‌లు అడిగి తెచ్చుకోవడం) ఒక్కసారికి డిఫాల్ట్‌గా 500 మెసేజ్‌ల దాకా తెస్తుంది. ఒక్కో ఎస్సెమ్మెస్‌కి 0.7 సెకన్లు పడితే మొత్తం 350 సెకన్లు. పోల్‌కీ పోల్‌కీ మధ్య గడువేమో 300 సెకన్లే. గడువు దాటిన కన్స్యూమర్ గ్రూప్ నుంచి అవుట్. ఆఫ్‌సెట్ (ఎంతవరకు చదివామనే గుర్తు) కమిట్ కాలేదు గనక అవే మెసేజ్‌లు ఇంకో కన్స్యూమర్‌కి మళ్లీ అందుతాయి.

పరిష్కారం: ఒక్క పోల్‌కి వచ్చే మెసేజ్‌ల పరిమితిని (మ్యాక్స్ పోల్ రికార్డ్స్) 50కి దించండి. గడువు పెంచినా పనవుతుంది గానీ నాకు నచ్చదు. నిజంగా ఇరుక్కుపోయిన కన్స్యూమర్ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఇంత చేసినా డూప్లికేట్లు పూర్తిగా పోవు. చెరువు నంబరు, రీడింగ్ టైము కలిపి డేటాబేస్‌లో యూనిక్ కీ పెట్టి, ఆ కీతో రికార్డు అప్పటికే ఉంటే పంపకండి. ముందు డేటాబేస్‌లో రాసి ఎస్సెమ్మెస్ పంపాలా, పంపి రాయాలా? డీఓకైతే పంపి రాయడమే మేలు. ఒకటి ఎక్కువ వెళ్తే విసుగు, అసలు వెళ్లకపోతే చెరువే పోతుంది.

సమస్య: ఏరియేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) ‘ఆన్’ మెసేజ్ కన్నా ముందు ‘ఆఫ్’ వస్తోంది

కాఫ్కాలో మెసేజ్‌ల వరుస పార్టిషన్ (టాపిక్‌లో ఒక భాగం) లోపలే నిలుస్తుంది. కీ (ఏ పార్టిషన్‌కి వెళ్లాలో తేల్చే గుర్తు) లేకుండా పంపితే ఒకే చెరువు మెసేజ్‌లు తలో పార్టిషన్‌కి పోతాయి. చెరువు నంబరునే కీ చేయండి. తర్వాత పార్టిషన్లు పెంచితే కీలు చోటు మారతాయి, కాబట్టి మొదట్లోనే నాలుగు ఎక్కువ పెట్టుకోండి.

సమస్య: కన్స్యూమర్ ఒక మెసేజ్ దగ్గరే ఆగి, పడి లేస్తోంది

అంకె ఉండాల్సిన చోట సెన్సర్ ఖాళీ పంపి ఉండొచ్చు. ఎర్రర్ పట్టుకుని, ఆ మెసేజ్‌ను వేరే టాపిక్‌లో వేసి ముందుకెళ్లండి.

సమస్య: కరెంటు వచ్చాక గంటల నాటి అలర్టులు కుప్పగా వెళ్తున్నాయి

ఇది బగ్ కాదు, ఆగిన చోటు నుంచే కన్స్యూమర్ చదువుకుంటూ వస్తోంది. పది నిమిషాలు దాటిన రీడింగ్‌ను గ్రాఫ్ కోసం దాచుకోండి, అలర్ట్ మాత్రం ఆపండి. చూడాల్సింది సెన్సర్ వేసిన టైము. బ్రోకర్ (మెసేజ్‌లు అందుకుని దాచే కాఫ్కా సర్వర్) వేసినదైతే, సిగ్నల్ లేక చెరువు గట్టున నిలిచిపోయిన రీడింగ్ కూడా తాజాదిగానే కనిపిస్తుంది.