ఎక్స్‌పెడైట్ బండి నడుపుతున్నారా? మీ ఇన్సూరెన్స్‌లో లోటు ఎక్కడుందో ఇలా కనిపెట్టండి

డెట్రాయిట్ చుట్టుపక్కల ఏదో ఒక కార్ల ఫ్యాక్టరీలో ఒక్క పార్టు అయిపోతే చాలు, అసెంబ్లీ లైను మొత్తం ఆగిపోతుంది. ఆ పార్టేమో టెక్సాస్ సరిహద్దులో ఉన్న లరేడోలోనో, కెంటకీలోనో ఉంటుంది. మామూలు ట్రక్కులో వేస్తే దారిలో గోడౌన్ల దగ్గర దించి, మళ్ళీ ఎక్కించి తీసుకొస్తారు. అంత టైము ఉండదు. అందుకే ఒక కార్గో వ్యానునో, చిన్న బాక్సు ట్రక్కునో పిలిచి, ఆ ఒక్క ప్యాలెట్‌నే ఎక్కించి రాత్రికి రాత్రి నేరుగా పంపిస్తారు. అమెరికాలో దీన్ని ఎక్స్‌పెడైట్ అంటారు. ఒకటి రెండు బండ్లతో ఈ పని చేసే చిన్న ఓనర్లు చాలామంది ఉన్నారు. భార్యాభర్తలు వంతులవారీగా నడుపుకునే బండ్లూ ఉన్నాయి. అమెరికాలో ఉంటూ ఈ పనిలోకి దిగిన, దిగుదామనుకుంటున్న తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

వీళ్ళలో ఎక్కువమందికి ఇన్సూరెన్స్ ఉంటుంది. అయితే అది లోడు ఇచ్చే బ్రోకర్ అడిగిన మేరకే ఉంటుంది. బ్రోకర్లు సాధారణంగా అడిగేది 10 లక్షల డాలర్ల ఆటో లయబిలిటీ (మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి), లక్ష డాలర్ల కార్గో (మీరు మోసే సరుకుకు). ఆ రెండు అంకెలూ సర్టిఫికెట్ మీద కనబడితే లోడ్లు వచ్చేస్తాయి. ఇక లోపల ఏముందో ఎవరూ చదవరు. ఆ చదివే పని క్లెయిమ్ వచ్చాక ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళే చేస్తారు. అంతకంటే ముందు మీరు చేయాలి. ఒక పూట కూర్చుంటే అయ్యే పనే.

సర్టిఫికెట్ పక్కన పెట్టి, పాలసీ మొత్తం తెప్పించుకోండి

మీ ఏజెంట్ బ్రోకర్లకు పంపే సర్టిఫికెట్ అకార్డ్ 25 అనే ఒక పేజీ ఫారం. దాని పైభాగంలోనే, ఇది సమాచారం కోసం ఇచ్చినదే, దీనివల్ల ఎవరికీ ఏ హక్కూ రాదు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందులో లిమిట్లు, అంటే కంపెనీ గరిష్ఠంగా ఇచ్చే మొత్తాలు, ఉంటాయి గానీ మినహాయింపులు ఉండవు.

ఏజెంట్‌కు మెయిల్ పెట్టి డిక్లరేషన్ పేజీలు, పాలసీ ఫారం, ఎండార్స్‌మెంట్లు (పాలసీని మార్చే అదనపు కాగితాలు) అన్నీ పంపమని అడగండి. లయబిలిటీ ఒక కంపెనీదీ, కార్గో ఇంకో కంపెనీదీ కావచ్చు. రెండూ తెప్పించుకోండి. డిక్లరేషన్ పేజీ చివర ఎండార్స్‌మెంట్ల నంబర్లు వరుసగా ఉంటాయి. ఒక్కో నంబరుకు టిక్కు పెడుతూ ఆ కాగితం మీకు వచ్చిందో లేదో చూసుకోండి. రానివాటిలోనే కవరేజీకి కోతలు ఉండొచ్చు.

డ్రైవర్ తలుపు తీసి బరువు చూడండి

డ్రైవర్ తలుపు తెరిస్తే ఫ్రేము మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. అందులో జీవీడబ్ల్యూఆర్ అని ఉన్న అంకె రాసుకోండి. బండి సొంత బరువూ, సరుకూ, మనుషులూ అన్నీ కలిపి ఉండగల గరిష్ఠ బరువు అది. రాష్ట్రాల మధ్య కిరాయికి సరుకు తోలే బండ్లకు చట్టం అడిగే కనీస లయబిలిటీ దీని మీదే ఆధారపడుతుంది. అన్ని బండ్లూ 10,001 పౌండ్ల లోపువైతే 3 లక్షల డాలర్లు. ఏ ఒక్కటి దాటినా, ప్రమాదకరం కాని మామూలు సరుకుకు 7.5 లక్షల డాలర్లు. మెర్సిడెస్ స్ప్రింటర్ 3500 అనే ఒకే పేరుతో 10,000 లోపు బండ్లూ ఉన్నాయి, 11,000 పైన ఉన్నవీ ఉన్నాయి. కాబట్టి పేరు చూసి ఊహించొద్దు, స్టిక్కరు చూడండి. నిన్నటిదాకా వ్యాన్లే ఉండి ఇవాళ ఒక బాక్సు ట్రక్కు కొంటే మీ కనీస లిమిట్టూ మారిపోతుంది.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ప్రమాదకరమైన సరుకు లేకపోతే, 10,001 పౌండ్ల లోపు వ్యాన్లకు పెద్ద ట్రక్కులకున్న డ్రైవింగ్ గంటల పరిమితి వర్తించదు. రాత్రంతా ఆపకుండా నడిపినా ఫెడరల్ నియమం అడ్డు చెప్పదు. అలాంటి బండికే కనీస ఇన్సూరెన్స్ అన్నిటికంటే తక్కువ. 7.5 లక్షలన్నది కూడా 1980 నాటి చట్టంతో వచ్చి, 1985 నుంచి కదలకుండా ఉన్న అంకె. ఆసుపత్రి బిల్లులు మాత్రం అక్కడ ఆగలేదు. చట్టం అడిగిన కనీసాన్ని రక్షణ అనుకోకండి.

లయబిలిటీలో ఏ బండి, ఏ డ్రైవర్ ఉన్నారో చూడండి

ఇండియాలో థర్డ్ పార్టీ పాలసీ తీసుకుంటే, మనిషి చనిపోయినా గాయపడినా కోర్టు ఎంత పరిహారం చెబితే అంతా పాలసీ కిందికే వస్తుంది. ఆ అలవాటుతో ఇక్కడ కూడా "థర్డ్ పార్టీ ఉంది కదా" అని ధీమాగా ఉండకూడదు. అమెరికాలో పాలసీ మీద రాసి ఉన్న అంకె దగ్గర కంపెనీ ఆగిపోతుంది. ఆ పైన తీర్పు వస్తే అది మీ కంపెనీ మీద పడుతుంది.

పాలసీలో "షెడ్యూల్డ్ ఆటోస్" అని ఉంటే, జాబితాలో నంబరు ఉన్న బండికే కవరేజీ. మీ వ్యాను షెడ్డులో ఉందని రెండు రోజులకు అద్దె వ్యాను తీసుకుని లోడు ఎత్తారనుకోండి, దానికి లేకపోవచ్చు. అద్దె బండ్లకు వర్తించే "హైర్డ్ ఆటో" కవరేజీ ఉందేమో అడగండి. డ్రైవర్ల సంగతీ అంతే. పాలసీలో పేరు లేని బావమరిది ఒక్క ట్రిప్పు నడిపినా పేచీ వస్తుంది. మీరు ఎంత దూరం తిరుగుతారని అప్లికేషన్‌లో రాశారో అదీ చూడండి. ప్రీమియం తగ్గుతుందని 300 మైళ్ళని రాయించి లరేడో నుంచి మిషిగన్ దాకా తిరిగితే, క్లెయిమ్ రోజున కంపెనీ మొదట పట్టుకునేది ఆ గీతనే. తగ్గించి రాద్దామని ఏజెంట్ చెప్పినా ఒప్పుకోకండి. సంతకం మీది.

"మా పాలసీలో ఎంసీఎస్-90 ఉంది, అన్నిటికీ వర్తిస్తుంది" అనేవాళ్ళు ఉంటారు. ఎంసీఎస్-90 అనేది లయబిలిటీ పాలసీకి జతచేసే ఒక ఫెడరల్ ఎండార్స్‌మెంట్. ఆ కాగితం ఉన్నది రోడ్డు మీద నష్టపోయిన జనం కోసం. పాలసీ వర్తించని చోట కంపెనీ దాని కింద బాధితుడికి చెల్లించినా, ఆ డబ్బు తిరిగి మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు దానికి ఉంటుంది. సరుకుకు గానీ, మీ ఉద్యోగి గాయానికి గానీ అది అసలు వర్తించదు.

కార్గో పాలసీని వాక్యం వాక్యం చదవండి

మామూలు సరుకు తోలేవాళ్ళకు కార్గో ఇన్సూరెన్స్ ఉండాలన్న ఫెడరల్ నియమం 2011 మార్చి నుంచి లేదు. ఇళ్ళ సామాన్లు తరలించేవాళ్ళకే మిగిలింది. బ్రోకర్ అడుగుతాడు కాబట్టి అందరూ తీసుకుంటారు, చౌకది తీసుకుంటారు. అయితే బాధ్యత ఎక్కడికీ పోలేదు. 1906 నాటి కార్మాక్ సవరణ ప్రకారం, రాష్ట్రాల మధ్య తోలే సరుకు మీ చేతిలో ఉండగా పాడైతే అసలు నష్టం మొత్తం మీరే ఇవ్వాలి. తక్కువ విలువకు షిప్పర్‌తో (సరుకు పంపేవాళ్ళతో) రాతపూర్వకంగా ఒప్పందం ఉంటేనే అది తగ్గుతుంది.

ఒక లెక్క చూద్దాం. రెండు ప్యాలెట్ల ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు ఎక్కించారు, విలువ 1,60,000 డాలర్లు. మంచు మీద వ్యాను జారి తిరగబడింది. లిమిట్ లక్ష. మిగతా 60,000 మీ జేబులోంచే. పైగా మినహాయింపుల జాబితాలో ఎలక్ట్రానిక్స్ ఉంటే ఆ లక్ష కూడా రాదు. ఎలక్ట్రానిక్స్, మందులు, మద్యం, పొగాకు, రాగి లాంటివి చాలా పాలసీల్లో మినహాయింపులో ఉంటాయి, లేదా వాటికి చిన్న లిమిట్ పెడతారు. ఎక్స్‌పెడైట్‌లో సరుకు చిన్నగా ఉండి ఖరీదు ఎక్కువగా ఉండటం మామూలే. విమానం పార్టు ఒక్క పెట్టెలోనే మీ లిమిట్ దాటిపోవచ్చు. అందుకే లోడు ఒప్పుకునే ముందే సరుకేమిటి, విలువెంత అని బ్రోకర్‌ను రాతపూర్వకంగా అడగండి. లిమిట్ దాటితే ఆ ఒక్క ట్రిప్పుకు లిమిట్ పెంచగలరా అని ఏజెంట్‌ను అడగండి. కుదరకపోతే ఆ లోడు వదిలేయండి.

తర్వాత "అన్‌అటెండెడ్" (బండి దగ్గర ఎవరూ లేనప్పుడు) అన్న మాట వెతకండి. డ్రైవర్ స్నానానికో భోజనానికో ట్రక్ స్టాప్‌లోకి వెళ్ళినప్పుడు దొంగతనం జరిగితే, బండికి తాళం ఉందా, అలారం ఉందా, కంచె ఉన్న యార్డులో పెట్టారా అని షరతులుంటాయి. తిండికి కూడా బండి దిగకుండా ఎవరూ నడపలేరు. పాటించలేని షరతు ఉంటే తీయించండి, లేకపోతే పాలసీయే మార్చండి. సరుకు సరిగా కట్టకపోవడం వల్ల దెబ్బతిన్నా, వానకు తడిసినా ఇవ్వమని కొన్నిటిలో ఉంటుంది, అదీ చూడండి. మెక్సికోలోకి వెళ్ళే లోడ్లయితే సరిహద్దు దాటాక మీ పాలసీ పనిచేస్తుందని అనుకోవద్దు, విడిగా అడగాల్సిందే.

ఆలస్యానికి కవరేజీ లేదు, కాగితం మీదే ఆపండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎక్స్‌పెడైట్‌లో మీరు అమ్మేది టైము. కానీ కార్గో పాలసీల్లో ఆలస్యం వల్ల వచ్చే నష్టం సాధారణంగా మినహాయింపులోనే ఉంటుంది. "డిలే", "లాస్ ఆఫ్ మార్కెట్", "కాన్సిక్వెన్షియల్ లాస్" అన్న మాటల కోసం చూడండి. సరుకు చెక్కుచెదరకుండా చేరినా, ఆరు గంటలు లేటైనందుకు ఫ్యాక్టరీ లైను ఆగితే, ఆ నష్టానికి పాలసీ ఒక్క డాలరు కూడా ఇవ్వదు.

మరి ఆ నష్టం మీ మీదికి ఎలా వస్తుంది? సాధారణంగా ఇలాంటి ప్రత్యేక నష్టాలు అడగాలంటే, ఒప్పందం రోజునే ఆ సంగతి క్యారియర్‌కు, అంటే సరుకు తోలే మీకు, తెలిసి ఉండాలని కోర్టులు చూస్తాయి. ఒక్కో లోడుకు బ్రోకర్ పంపే ఒప్పంద కాగితం రేట్ కన్ఫర్మేషన్. దాని కింద చిన్న అక్షరాల్లో "లైన్ డౌన్ ఛార్జీలు (లైను ఆగినందుకు నష్టం) క్యారియరే భరించాలి" అని ఉండి, మీరు సంతకం పెడితే, తెలిసినట్టే. రాత్రి పదకొండింటికి ఫోన్లో లోడు ఒప్పుకుని, కాగితం చదవకుండా సంతకం పెట్టి పంపడం ఈ పనిలో రోజూ జరిగేదే. అక్కడే మునిగిపోతారు.

కాబట్టి ఆ లైను కొట్టేసి, "ఆలస్యమైతే మా బాధ్యత ఈ లోడు కిరాయి మొత్తం వరకే" అని రాసి మెయిల్‌లో తిప్పి పంపండి. బ్రోకర్ సరేనని మెయిల్‌లో జవాబిచ్చాకే బండి కదపండి. మొదట్లో ఒకసారి సంతకం పెట్టే బ్రోకర్-క్యారియర్ అగ్రిమెంట్‌లోనూ ఇదే భారం ఇండెమ్నిటీ (అవతలివాళ్ళ నష్టం మీరు భరిస్తాననే హామీ) అనే భాగంలో దాగి ఉండొచ్చు, పాతవి కూడా తీసి చూడండి. సీలు తెగిందన్న ఒక్క కారణంతో సరుకు మొత్తం నష్టంగా లెక్కగట్టే క్లాజు ఉంటే అదీ కొట్టేయించండి. ఒప్పుకోని బ్రోకర్లు ఉంటారు. ఆ లోడు పోతుంది, పోనివ్వండి. దీనికి ప్రీమియం ఖర్చు లేదు, పెన్ను చాలు.

నడిపే మనిషికి ఏముంది?

డాక్ దగ్గర ప్యాలెట్ జారి డ్రైవర్ కాలు మీద పడితే ఆటో లయబిలిటీ ఇవ్వదు. పనిలో గాయపడ్డ ఉద్యోగికి చెల్లించే వర్కర్స్ కాంపెన్సేషన్ ఉండాలి. డ్రైవర్ కాంట్రాక్టర్ అయితే కనీసం ఆక్యుపేషనల్ యాక్సిడెంట్ పాలసీ ఉండాలి. ఇది వర్కర్స్ కాంప్‌కు సమానం కాదు, లిమిట్లుంటాయి. రాష్ట్రాన్ని బట్టి ఎవరికి ఏది తప్పనిసరో మారుతుంది, కాబట్టి మీ రాష్ట్రం పేరు చెప్పి ఏజెంట్‌ను అడగండి. ఓనరే డ్రైవర్ అయినప్పుడు, పనిలో తగిలిన దెబ్బకు సొంత హెల్త్ ఇన్సూరెన్స్ చెల్లిస్తుందో లేదో కూడా చదవండి. పక్క సీట్లో నిద్రపోతున్న భార్యకు కూడా పాలసీలో పేరుండాలి.

వేరే కంపెనీ కింద నడుపుతుంటే

పెద్ద క్యారియర్ అథారిటీ (సరుకు తోలడానికి ప్రభుత్వ అనుమతి) కింద బండి పెట్టుకున్నవాళ్ళకు లోడు మీద ఉన్నంతసేపూ ఆ కంపెనీ లయబిలిటీ ఉంటుంది. సొంత పనికి తిరిగినప్పుడు మీరు కొనుక్కున్న నాన్-ట్రకింగ్ లయబిలిటీ. చిక్కంతా మధ్యలోనే. లోడు దించాక, తర్వాతి లోడు కోసం వాళ్ళు చెప్పిన ఊరికి ఖాళీగా వెళ్తుంటే అది ఎవరి ఖాతా? మీ పాలసీ అది వ్యాపార పనే అంటుంది, వాళ్ళు లోడు లేదంటారు. ఈ ప్రశ్నకు జవాబు కంపెనీ నుంచి రాతలో తీసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్ళ ద్వారానే కొని, డబ్బు మీ సెటిల్‌మెంట్‌లోంచి (వాళ్ళు మీకిచ్చే చెల్లింపులోంచి) కోస్తుంటే, పాలసీ కాపీ అడిగితే ఇవ్వాలని ఫెడరల్ లీజు నియమాల్లోనే ఉంది. మొహమాటపడకండి.

పాలసీ బతికి ఉందో లేదో చూసుకోండి

ప్రీమియం వాయిదాల్లో కడుతుంటే మధ్యలో ఒక ఫైనాన్స్ కంపెనీ ఉంటుంది. వాయిదా తప్పితే పాలసీ రద్దు చేసే అధికారం మీరే సంతకం పెట్టి దానికి ఇచ్చి ఉంటారు. లయబిలిటీ రద్దయితే ఇన్సూరెన్స్ కంపెనీ ఎఫ్‌ఎంసీఎస్‌ఏకు (ట్రక్కులను నియంత్రించే ఫెడరల్ సంస్థకు) 30 రోజుల ముందు తెలపాలి. ఆ ఫైలింగ్ ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీ నంబరు కొట్టి చూసుకోవచ్చు. కార్గో పాలసీ రద్దయితే మాత్రం అక్కడ కనిపించదు. నెలకోసారి ఏజెంట్‌ను అడగడమే దారి.

డబ్బు సరిపోకపోతే ముందు ఏది?

చిన్న ఓనర్‌కు అన్నీ ఒకేసారి కొనడం కష్టమే. నా మాటగా చెప్పాలంటే, మొదట అప్లికేషన్‌లో ఉన్న తప్పులు సరిచేయించండి: దూరం, డ్రైవర్లు, బండ్లు. ప్రీమియం పెరుగుతుంది, అయినా తప్పుడు వివరాల మీద నిలబడ్డ పాలసీకి కట్టే ప్రతి డాలరూ వృథానే. రెండోది డ్రైవర్ గాయం. మూడోది మీరు నిజంగా తోలే సరుకు మినహాయింపులో లేకుండా చూసుకోవడం. కార్గో లిమిట్ పెంచడం ఆ తర్వాతే, అప్పటిదాకా లిమిట్ దాటే లోడ్లు ఎత్తకండి. ఏజెంట్‌తో ఫోన్లో ఏం మాట్లాడినా వెంటనే మెయిల్ పెట్టండి: "మీరు చెప్పింది ఇదీ అని నేను అర్థం చేసుకున్నాను, తప్పయితే ఏ పేజీలో ఉందో చూపించండి." జవాబు వచ్చాక దాన్ని పాలసీతో పాటే దాచిపెట్టండి.