పాత కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు కుదరనప్పుడు

చిక్కడపల్లిలోని మా డీటీపీ సెంటరులో ఒక విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు ఇంకా నడుస్తోంది. పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నందువల్ల దానిని తీసివేయలేదు. ఇటువంటి కంప్యూటర్లలో ఫాంటు పనిచేయకపోతే చాలామంది దానినే తీసివేసి, మళ్లీ ఎక్కించి పూటంతా గడిపేస్తారు. ఫాంటు అసలు ఎక్కలేదా, ఎక్కినా అక్షరాలు కుదురుకోవడం లేదా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

ఎక్కకపోవడానికి కారణం సాధారణంగా చిన్నదే: జిప్ ఫైలును విప్పకపోవడం, వెబ్‌సైట్ల కోసం చేసిన వాఫ్ ఫైలును దించుకోవడం, అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో లేకపోవడం. విండోస్ 7లో ఫైలుపై రైట్‌క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్ అని వస్తుంది. ఎక్స్‌పీలో మాత్రం కంట్రోల్ ప్యానెల్‌లోని ఫాంట్స్ ఫోల్డరు తెరిచి, ఫైల్ మెనూలో ఇన్‌స్టాల్ న్యూ ఫాంట్ ఎంచుకోవాలి. గూగుల్ ఫాంట్స్ నుంచి నోటో సాన్స్ తెలుగు దించుకున్నవారు జిప్‌లోని స్టాటిక్ ఫోల్డరులో ఉన్న ఫైళ్లనే వాడాలి, ఎందుకంటే పైన కనిపించే వేరియబుల్ ఫాంటును (అన్ని మందాలూ ఒకే ఫైలులో ఉండేదానిని) పాత విండోస్ పూర్తిగా అర్థం చేసుకోలేదు.

ఎక్కిన ఫాంటును పరీక్షించడానికి నోట్‌ప్యాడ్‌లో ‘స్త్రీ’ అని టైపు చేసి చూడండి. ఎక్స్‌పీలో స, త, ర విడివిడిగా, మధ్యలో పొల్లుతో కనిపిస్తే, ఫాంటును విండోస్‌తో పాటే వచ్చే తెలుగు ఫాంటు గౌతమికి మార్చి చూడాలి. గౌతమి జాబితాలోనే లేకపోయినా, అందులోనూ అదే తీరు కనిపించినా, కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ ట్యాబ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్లను (తెలుగు వంటి లిపుల అక్షరాలను కలిపి చూపే ఫైళ్లను) ఎక్కించే గడిలో టిక్ పెట్టి, కంప్యూటరును రీస్టార్ట్ చేయాలి. ఇక్కడ ఎక్స్‌పీ సీడీ అడగవచ్చు. గౌతమి బాగుండి కొత్త ఫాంటులో మాత్రమే వత్తులు విడిపోతుంటే, ఆ ఫాంటు విస్టాతో మొదలైన కొత్త ఓపెన్‌టైప్ పద్ధతికి (ఫాంటులో అక్షరాలను, వత్తులను కలిపే తీరుకు) మాత్రమే తయారై ఉండవచ్చు. దానితో కుస్తీ పట్టడం వృథా. పోతన 2000 వంటి పాత యూనికోడ్ ఫాంటు (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతిలోనిది) వాడుకోవడమే మేలు.

జాబితాలో ఫాంట్ల పేర్లు తారుమారైతే, సేఫ్ మోడ్‌లో సిస్టమ్32 ఫోల్డరులోని ఎఫ్ఎన్‌టీక్యాష్.డ్యాట్ (FNTCACHE.DAT) అనే ఫైలును తొలగించి రీస్టార్ట్ చేస్తే, విండోస్ దానిని మళ్లీ తయారుచేసుకుంటుంది.

అన్నింటికంటే ఎక్కువగా తికమకపెట్టేది పేజ్‌మేకర్. ఒకసారి వాట్సాప్‌లో వచ్చిన శుభలేఖ మాటలను నేను అందులో అతికించగా, ‘చి.ల.సౌ.’ ఉండవలసిన చోట ‘??.?.??.’ వచ్చింది, చుక్కలు తప్ప ఏమీ మిగలలేదు. పేజ్‌మేకర్ 7.0కు కూడా యూనికోడ్ తెలియదు. అను వంటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను పెట్టుకుంటాయి కాబట్టి అందులో పనిచేస్తాయి. అందువల్ల యూనికోడ్ పాఠాన్ని ముందు కన్వర్టరుతో అను లిపిలోకి మార్చి, ఆ తరువాతనే అతికించాలి. మార్చాక వధూవరుల పేర్లను, ఇంటిపేర్లను ఒక్కొక్క వత్తు దగ్గరా ఆగి చదివి, కస్టమరుకు ప్రూఫ్ చూపించాకే ప్రింటుకు పంపాలి.