అమ్మానాన్నలు అమెరికా వస్తుంటే మందులు ఇలా సర్దండి

బీపీ, షుగర్ బిళ్లలన్నీ ఒలిచి డబ్బాలో పోసుకునే అలవాటు మన పెద్దవాళ్లకు ఉంటుంది. ప్రయాణంలో అది వద్దు. పేరు, ఎక్స్‌పైరీ తేదీ కనిపించేలా స్ట్రిప్పులతోనే, బిల్లుతో సహా తేవాలి. అమెరికాలోకి సాధారణంగా 90 రోజులకు సరిపడా మందులే తెచ్చుకోనిస్తారు. ఆరు నెలలు ఉండేవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

డాక్టరు చీటీ మీద బ్రాండ్ పేరు ఒక్కటే ఉంటే లాభం లేదు. గ్లైకోమెట్ అంటే అక్కడి డాక్టరుకు తెలియకపోవచ్చు, మెట్‌ఫార్మిన్ అంటే వెంటనే తెలుస్తుంది. అందుకే జెనెరిక్ పేరు (బ్రాండ్ కాకుండా మందు అసలు పేరు), డోసు టైపు చేయించి సంతకం, స్టాంపు వేయించుకోండి. (చేతిరాత సంగతి మీకు తెలిసిందే!) మన పారాసిటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, కంగారు పడొద్దు.

ఇన్సులిన్ మాత్రం చెకిన్ సూట్‌కేసులో పెట్టకండి, గడ్డకడితే పనికిరాదు. సూట్‌కేసు రావడం ఆలస్యమైతే అదో టెన్షన్. కనీసం వారం రోజుల బిళ్లలూ చేతి సంచిలోనే ఉంచండి.

దారిలో దుబాయ్‌లో దిగి నాలుగు రోజులు ఉంటారా? ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి బిళ్లలు, దగ్గు మందులకు అక్కడ ముందస్తు అనుమతి కావాలి. గసగసాల పొట్లం అసలే వద్దు.