పొడవెక్కువైన లాన్ కేబుల్‌ని కత్తిరించి కొత్త ప్లగ్ వేసుకోవడం

రౌటర్ వెనక చుట్టలు చుట్టి పడున్న కేబుల్ కాళ్లకి తగులుతుంటే, కావలసినంత ఉంచి కోసేయడమే మేలు.

ముందు రబ్బరు బూట్ (ప్లగ్ వెనక భాగాన్ని కప్పే చిన్న తొడుగు) కేబుల్‌కి ఎక్కించండి. (నేను మర్చిపోయి ఒక ప్లగ్ పారేశాను. ఒకసారి క్రింప్ చేస్తే, అంటే టూల్‌తో నొక్కి బిగిస్తే, ఆ ప్లగ్ మళ్లీ పనికిరాదు.) పై తొడుగు 3 సెంటీమీటర్లు తీయండి. లోపలి తీగల మీద గాటు పడకూడదు. మెలికలు విప్పి, ఒక్కో తీగని స్క్రూడ్రైవర్ కడ్డీ మీద రెండుమూడు సార్లు లాగితే ఇస్త్రీ చేసినట్టు సాపవుతుంది. అసలు చిట్కా ఇదే, వరస చెదిరే బాధ తప్పుతుంది.

ప్లగ్‌ని క్లిప్ కిందికి, రాగి పిన్నులు పైకి, తీగలు దూర్చే వైపు మనకేసి ఉండేలా పెట్టుకుని ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండో చివర వేరే వరస ఉంటే దాన్నే అనుసరించండి. 8 తీగల్నీ కలిపి పట్టుకుని తొడుగు అంచు నుంచి 13 మిల్లీమీటర్ల దగ్గర ఒకే కోతతో తెంచి, ప్లగ్ లోపలికి గట్టిగా తోయండి. ప్లగ్ ముందు వైపు చూస్తే 8 రాగి చుక్కలూ కనబడాలి, తొడుగు కూడా కొంచెం లోపలికి వెళ్లి ఉండాలి. అప్పుడే క్రింపింగ్ టూల్ నొక్కండి.

లాన్ కేబుళ్లలో క్యాట్ 5ఈ, క్యాట్ 6 అని రకాలుంటాయి. క్యాట్ 6 తీగలు సాధారణంగా లావు, క్యాట్ 5ఈ ప్లగ్‌లో పట్టకపోవచ్చు. నెట్ వచ్చినా స్పీడ్ 100 ఎంబీపీఎస్ దాటకపోతే నీలం లేదా గోధుమ జత సరిగా తగల్లేదేమో చూడండి.